పావుగంటలో ఒంటి పాఠం: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మూడో వారం

పనికి ఒక రూపం వచ్చింది. మా ఊరి శాఖా గ్రంథాలయం వెనక వరండాలో, ఆదివారం ఉదయం, పావుగంట పాఠం. పాఠానికి శరీరంలో ఒక్క భాగం, ఒక్క ప్రశ్న. వయసుతో, చదువుతో పనిలేదు, ఎవరైనా రావచ్చు. ఇప్పటికి పేర్లిచ్చినవాళ్లలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు, ఇద్దరు ఆశా కార్యకర్తలు, ఎదురు సందులో మిషను కుట్టే దర్జీ, నడుంనొప్పితో అవస్థపడుతున్న ఒక ఆటో డ్రైవరు ఉన్నారు.

జీవశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. బడిలో శరీరం పాఠం గోడమీది పటంతో మొదలవుతుంది. ఎర్ర ధమని, నీలం సిర, బాణం గుర్తులు, పక్కన పేర్లు. పరీక్షకు అది చాలు. కానీ ఆ బొమ్మ చక్కగా గీసి మార్కులు తెచ్చుకున్న పిల్లవాణ్ణి "నీ కాలేయం ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించు" అని అడిగితే బొడ్డుమీద పెడతాడు. అది కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుందని వాడి పుస్తకానికి తెలుసు, వాడి చేతికి తెలియదు. అందుకే ఇక్కడ వరుస తిరగేస్తున్నాను. ముందు సొంత ఒంటిని తడిమి చూడాలి. తరువాత మాంసం కొట్టు నుంచి తెచ్చినదో, అట్టతో చేసినదో చేతిలోకి తీసుకోవాలి. బొమ్మ ఆ తరువాత. పేరు అన్నిటికన్నా చివర.

ఇంకో నియమం: రోగాల సంగతి, మందుల సంగతి ఎత్తను. ఎక్కడ ఏముంది, ఎలా కదులుతుంది, అంతవరకే. ఈ నియమం ఎన్నాళ్లు నిలుస్తుందో చూడాలి. నడుంనొప్పి ఆయన ముందు వరుసలో కూర్చుంటానని అప్పుడే చెప్పేశారు.

జూన్, చివరి వారం: చెయ్యి

అందరూ గుండెతో మొదలుపెడతానని అనుకున్నారు. గుండె కనపడదు. చెయ్యి ఎదురుగా ఉంటుంది, పైగా ఎవరి చెయ్యి వారి దగ్గరే ఉంటుంది, ఖర్చు లేదు.

ప్రశ్న: వేలిని కదిలించే కండ ఎక్కడుంది? వేలిలోనే అన్నారు ముక్తకంఠంతో. ఎడమచేత్తో కుడి ముంజేతిని, మోచేతికి కాస్త కిందుగా గట్టిగా పట్టుకుని, కుడి వేళ్లను ఒక్కొక్కటే ముడిచి తెరవమన్నాను. పట్టు కింద కండ కదులుతోంది. ఒక్కసారిగా వరండా నిశ్శబ్దమై, అందరూ తమ చేతులను తామే కొత్తగా చూసుకోవడం మొదలుపెట్టారు. వేళ్లలో వాటిని వంచే కండరాలు లేవు. కొన్ని అరచేతిలో ఉంటాయి, బలమైనవి ముంజేతిలో ఉంటాయి. అక్కడి నుంచి పొడవాటి టెండాన్లు, అంటే కండను ఎముకకు కలిపే గట్టి తీగలు, మణికట్టు దాటి వేళ్ల చివరిదాకా వెళతాయి.

తరువాత కోడికాలు. చికెన్ కొట్టులో తీసి పక్కన పడేసే కాళ్లు అడిగితే ఊరికే ఇచ్చారు. కోసిన చోట తోలు కాస్త వెనక్కి జరిపితే తెల్లటి తీగలు కనిపిస్తాయి. వెనకవైపు తీగను పటకారుతో పట్టి లాగితే గోళ్లు ముడుచుకుంటాయి, ముందువైపుది లాగితే తెరుచుకుంటాయి. దీన్ని పల్లెల్లో పిల్లలు ఎప్పటినుంచో ఆటగా ఆడుతున్నారు. తాము ఆడుతున్నది తమ చేతి యంత్రంతోనే అని మాత్రం ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఇంకొకటి చేయించాను. ఇది చదివేవాళ్లు కూడా ఇప్పుడే చేసి చూడవచ్చు. అరచేతిని బల్లమీద బోర్లా పెట్టి, మధ్యవేలిని మాత్రం లోపలికి మడవాలి. మిగతా వేళ్ల కొనలు బల్లకు ఆనాలి. ఇప్పుడు చూపుడువేలు ఎత్తండి, లేస్తుంది. చిటికెనవేలు, లేస్తుంది. ఉంగరపువేలు ఎత్తండి. ఎంత బలం పెట్టినా చాలామందికి లేవదు. వేళ్లను పైకెత్తే ఉమ్మడి కండరం ఒకటుంది. దాని టెండాన్లు చేతి వెనకభాగంలో ఒకదానితో ఒకటి అడ్డపట్టీలతో కలిసి ఉంటాయి. మధ్యవేలిని మడిచి బిగిస్తే ఉంగరపువేలి టెండాన్ కూడా చిక్కుకుంటుంది. చూపుడువేలికి, చిటికెనవేలికి విడిగా ఇంకో కండరం ఉంది కనుక అవి తప్పించుకుంటాయి. చివరికి ఒకమ్మాయి "అయితే ఉంగరపువేలికి సొంత ఆస్తి లేదన్నమాట" అంది. బోర్డుమీద ఆ మాటే రాశాను.

రోగాల జోలికి వెళ్లనన్న నియమం మొదటి ఆదివారమే వంగింది. రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయని దర్జీ అడిగారు. రోజంతా కత్తెర పట్టే చెయ్యి. మణికట్టు దగ్గర ఎముకలకు, ఒక గట్టి పట్టీకి మధ్య ఇరుకైన సందు ఉందని, అందులోంచి తొమ్మిది టెండాన్లు, ఒక నరం వెళతాయని, ఆయన చెప్పిన మూడు వేళ్లకు, ఉంగరపువేలిలో సగానికి స్పర్శ ఇచ్చేది ఆ నరమేనని బొమ్మ గీసి చూపించాను. మిగతాది డాక్టరు చెప్పాలి, వెళ్లి చూపించుకోండి అన్నాను. వెళ్లేదాకా వదిలేది లేదు.

జూలై, రెండో వారం: గుండె కోసం తిప్పలు

గుండెను చీల్చకుండా, పైన గొట్టాలు రెండంగుళాలు వదిలి కోయమని మాంసం కొట్టాయనకు ముందురోజే చెప్పి పెట్టాలి. మామూలుగా అయితే రెండు గాట్లు పెట్టి, గడ్డకట్టిన నెత్తురు తీసి, ముక్కలు చేసి కార్జంతో కలిపి తూస్తారు. "గొట్టాలతోనా టీచరమ్మా? వాటిలో రుచా పచా?" అని అడిగాడాయన. పాఠానికి అన్నాను. ఆదివారం పొద్దున ఒక గుండె ఆకులో చుట్టి, దాంతోపాటు తన కొడుకునూ పంపాడు. వాడు ఎనిమిదో తరగతి. ఇప్పుడు ప్రతివారం వస్తున్నాడు, కత్తి పట్టడంలో మా అందరికన్నా నయం.

మాంసం ముట్టని ఇళ్ల నుంచి వచ్చేవాళ్లు ఉన్నారు. వారికోసం మొదటి పది నిమిషాలు తడమడం, బొమ్మ. ఆ తరువాతే పళ్లెం బయటికి వస్తుంది. వెళ్లదలచినవాళ్లు లోపలి గదిలో ప్లాస్టిక్ నమూనాతో కూర్చుంటారు. ఎవరినీ బలవంతపెట్టను, ఎవరూ ఎవరినీ వెక్కిరించకూడదు.

జూలై, మూడో వారం: గుండె

ఈ పాఠం పావుగంటలో ముగియలేదు. ముగించాలని కూడా అనిపించలేదు.

ముందు ఒంటిమీద. చాలామంది గుండె ఎడమవైపు ఉందంటూ చంక దాకా వెళతారు. అది రొమ్ము ఎముక వెనకే, మధ్యలో ఉంటుంది. మూడింట రెండు వంతులు ఎడమకు ఒరిగి, కొన ఎడమవైపు కిందికి చూస్తుంది. ఆ కొన కొట్టుకునే చోటు వేళ్లకు తెలుస్తుంది కనుక గుండె మొత్తం అక్కడే ఉందనుకుంటాం.

తరువాత పళ్లెం. కళ్లు మూసుకుని మేక గుండెను రెండుచేతులా నొక్కమన్నాను. ఒకవైపు గట్టిగా, ఒకవైపు మెత్తగా. జఠరికలంటే గుండె కింది రెండు గదులు. ఏది ఎడమ జఠరికో ఎవరూ చెప్పక్కర్లేదు. కోసి స్కేలు పెట్టి కొలిస్తే ఎడమ గోడ మందం కుడిదానికి దాదాపు మూడింతలు వచ్చింది. మనిషి గుండెలోనూ లెక్క ఇంచుమించు ఇదే. కారణం చిన్నది. కుడి జఠరిక రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు నెడితే చాలు. అక్కడ పీడనం 25 మిల్లీమీటర్ల పాదరసం దాకా లేస్తుంది. ఎడమది తల నుంచి అరికాలి దాకా పంపాలి, అక్కడ 120 దాకా లేవాలి. బి.పి. చూసినప్పుడు చెప్పే పై అంకె ఇదేనా అని ఆశా కార్యకర్త అడిగారు. ఇదే. ఏళ్ల తరబడి ఆ అంకె రాస్తున్న మనిషి, అది ఏ గోడ నుంచి పుడుతోందో ఆ గోడను వేళ్ల మధ్య పట్టుకుని చూశారు.

గుండె కోయకముందే చేయాల్సిన పని ఒకటుంది. అది ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద గొట్టం బృహద్ధమని. దాని మొదలును నిటారుగా పట్టుకుని, పైనుంచి కుళాయి నీళ్లు సన్నగా పోయాలి. లోపల గడ్డలు ముందే కడిగి ఉండాలి. నీళ్లు గుండెలోకి దిగిపోతాయనుకుంటాం, దిగవు. మూడు పలచటి పొరలు నీటితో ఉబ్బి, అంచులు ఒకదానికొకటి ఆని, దారి మూసేస్తాయి. గొట్టంలో నీళ్లు నిలబడిపోతాయి. కండ కొట్టుకోవడం లేదు, మేక బతికి లేదు, అయినా కవాటం తన పని తాను చేస్తోంది. ఎందుకంటే ఆ పనికి కండ అక్కర్లేదు, వెనక్కి వచ్చే ద్రవమే దాన్ని మూస్తుంది. టార్చి వేసి చూస్తే ఆ పొరలకు కాస్త పైన రెండు చిన్న రంధ్రాలు కనిపిస్తాయి. గుండె తనకోసం తాను రక్తం తీసుకునే కరోనరీ ధమనులు మొదలయ్యేది అక్కడే. స్టెంటు అనే మాట వినని ఇల్లు ఇప్పుడు లేదు. అది వేసేది ఈ రంధ్రాల నుంచి బయలుదేరే గొట్టాల్లోనే అనగానే పళ్లెం చుట్టూ తలలు దగ్గరికి వచ్చాయి.

కోశాక, జఠరికల్లో కవాటాల అంచుల నుంచి కింది కండకు వేలాడే తెల్లని దారాలు. పీడనానికి కవాటం వెనక్కి తిరగబడకుండా పట్టి ఉంచేవి ఇవే. దర్జీ ఒకదాన్ని గోటికి చుట్టి లాగి చూశారు. తెగలేదు. "ఏ నంబరు దారమండీ ఇది?" అని నవ్వారు.

చివర బకెట్ లెక్క. విశ్రాంతిలో ఒక్కో కొట్టుకు సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 కొట్లు. దాదాపు ఐదు లీటర్లు. ఐదు లీటర్ల బకెట్ సరిగ్గా నిమిషంలో నిండేలా కుళాయి తిప్పమన్నాను. పిల్లలు గడియారం పెట్టుకుని సరిచేశారు. తరువాత అందరం ఆ ధారను చూస్తూ కూర్చున్నాం. రోజుకు లక్షసార్లు అని పుస్తకంలో చదివితే అదొక అంకె, అంతే. ఈ ధార నిద్రలోనూ ఆగదు అంటే వెంటనే అర్థమయింది.

రాష్ట్ర సిలబస్ పదో తరగతి ప్రసరణ పాఠంలో మేక గుండె పరిశీలన ప్రయోగంగానే ఉండేది. ఎన్ని బళ్లలో చేశారన్నది వేరే కథ.

జూలై, చివరి వారం: మేకకే, మనకు కాదు

ఇకనుంచి బోర్డుమీద ఒక మూల ఈ శీర్షిక శాశ్వతంగా ఉంటుంది. మాంసం కొట్టు నుంచి తెచ్చిన ప్రతిదానికీ, మనకు వర్తించనిది ఏమిటో అక్కడ రాయాలి. మేకకు పక్కటెముకలు 13 జతలు, మనకు 12. దాని పొట్టకు నాలుగు గదులు, మనకు ఒకటే. మన కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు (విడి భాగాలు), ఎడమదానికి రెండు. మేక కుడి ఊపిరితిత్తికి నాలుగు, అందులో పై తమ్మెకు గాలిగొట్టం నుంచే విడిగా ఒక పాయ వెళుతుంది.

ఈ జాగ్రత్తకు ఒక చరిత్ర ఉంది. రెండో శతాబ్దంలో రోములో వైద్యం చేసిన గేలన్‌కు మనిషి శవాలను కోసే వీలు లేదు. కోతులను, పందులను, ఎద్దులను కోశాడు. అక్కడ చూసినదాన్ని మనిషికి ఆపాదించాడు. మెదడు అడుగున ధమనుల వల ఒకటి ఉందని, కింది దవడ రెండు ఎముకలని రాశాడు. పన్నెండు, పదమూడు వందల ఏళ్లపాటు ఆయన మాటే వేదం. పాదువాలో పాఠాలు చెప్పిన వెసాలియస్ స్వయంగా శవాలు కోసి, 1543లో బాసెల్‌లో అచ్చయిన తన పెద్ద గ్రంథంలో, పెద్దవాళ్లలో దవడ ఒకటే ఎముక అని, అలాంటి వల మనిషిలో లేదని చూపించాడు. తమాషా ఏమిటంటే ఆ వల మేకలో నిజంగానే ఉంది. గేలన్ లేనిది చూడలేదు, మరొకరిది చూశాడు. మా వరండాలో ఉన్నదీ మేకలే.

ఆగస్టు, మొదటి వారం: ఊపిరి

త్వరగా అయిపోయింది. సీసా, బెలూన్ల నమూనా బడిపిల్లలందరికీ తెలిసినదే. కొత్తది పక్కటెముకలు లెక్కపెట్టడం. గొంతు కింది గుంత నుంచి రొమ్ము ఎముక మీదుగా వేలు కిందికి జారిస్తే, రెండంగుళాల దూరంలో అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. దాని పక్కన ఉన్నది రెండో పక్కటెముక. మొదటిది కంటె ఎముక చాటున ఉండి సరిగా దొరకదు కనుక డాక్టర్లూ లెక్క ఇక్కడి నుంచే మొదలుపెడతారు. మేక ఊపిరితిత్తులను సైకిలు పంపుతో ఉబ్బించాం. నోటితో ఊదవద్దు, ఇది గట్టిగా చెప్పాల్సిన మాట. పంపు తీయగానే అవి వాటంతట అవే ముడుచుకున్నాయి. గాలి వదలడానికి మామూలుగా కండ బలం అక్కర్లేదని నేను చెప్పాల్సిన వాక్యాన్ని మాంసం కొట్టాయన కొడుకు చెప్పేశాడు.

ఆగస్టు, మూడో వారం: ఎముకల లెక్క, వెన్ను

బడి నుంచి ప్లాస్టిక్ అస్థిపంజరం అరువు తెచ్చాం. దాన్ని ఆటోలో ముందుసీటులో కూర్చోబెట్టి తీసుకురావడం ఊళ్లో వార్త అయింది. ఒకప్పుడు ప్రపంచంలోని చాలా వైద్య కళాశాలల్లో వేలాడిన నిజమైన అస్థిపంజరాలు కలకత్తా నుంచి ఎగుమతి అయినవే. మన దేశం 1985లో ఆ ఎగుమతిని నిషేధించింది.

పెద్దవాళ్లలో 206 ఎముకలు. ఒక్కో చేతికి 27, ఒక్కో పాదానికి 26, కలిపి 106. సగానికి పైగా ఎముకలు మన చేతుల్లో, పాదాల్లోనే ఉన్నాయి. సుశ్రుత సంహితలో 300 అని ఉంది, చరకంలో 360. వాటిలో పళ్లనూ, మృదులాస్థులనూ కూడా కలిపి లెక్కవేశారు. శవాన్ని గడ్డితో చుట్టి, పారే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, తరువాత పొర పొరగా రుద్ది చూడాలని చెప్పిన సుశ్రుతుడి పద్ధతి వినిపిస్తే, పిల్లలు ముఖాలు చిట్లించారు గానీ మళ్లీ చెప్పమన్నారు. మా ప్లాస్టిక్ మనిషికి ఒక ఎముక తక్కువ. గొంతు పైభాగాన, ఏ ఎముకతోనూ కీలు లేకుండా ఉండే హయాయిడ్ ఎముకను తయారీదారు వదిలేశాడు. అందరం ఎవరి గొంతులో వాళ్లం వెతుక్కున్నాం, మింగితే పైకి కదులుతుంది.

వెన్ను నమూనాకు దర్జీ ఇచ్చిన ఖాళీ దారపు రీళ్లు, పాత హవాయి చెప్పుల రబ్బరు. రీలు వెన్నుపూస, రబ్బరు పూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల. రీలు, రబ్బరు బిళ్ల, రీలు, రబ్బరు బిళ్ల, మధ్యలోంచి తాడు. రబ్బరు తీసేసి వంచమంటే వంగదు. పెడితే వంగుతుంది. ఒకవైపు వంచి పట్టుకుంటే ఆ వైపు రబ్బరు నలుగుతుంది. ఆటో ఆయన అది చేతిలోకి తీసుకుని, తాను బండిలో కూర్చునే భంగిమలోకి వంచి, చాలాసేపు చూశారు. ఏమీ అడగలేదు. తరువాతి వారం సీటు వెనక ఒక దిండు కనిపించింది.

పొద్దున లేచిన వెంటనే ఒకసారి, రాత్రి పడుకోబోయేముందు ఒకసారి గోడకు ఆని సుద్దతో గీత గీసుకురమ్మన్నాను. రాత్రికి సెంటీమీటరు అటూ ఇటూగా తగ్గుతాం. పగలంతా బరువుకు ఆ బిళ్లల్లోంచి కొంత నీరు బయటికి పోతుంది, పడుకుంటే తిరిగి చేరుతుంది. ఇంట్లో గోడలు పాడుచేశానని ఇద్దరు తల్లుల నుంచి ఫిర్యాదు వచ్చింది.

ఆశా కార్యకర్త ప్రశ్న: కాన్పు ఆపరేషనుకు నడుంలో ఇచ్చే సూది వెన్నుపాముకు గుచ్చుకుంటుందా? పల్లెల్లో ఆడవాళ్లకు ఉండే పెద్ద భయం ఇది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుములోని మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. కింద ఉండేది ద్రవంలో తేలే నరాల పాయలు. సూది దించేది ఆ కింది చోట. రెండుచేతులూ నడుంమీద పెట్టుకుంటే తగిలే తుంటి ఎముకల పై అంచులను కలుపుతూ గీత గీస్తే అది నాలుగో పూస దగ్గరికి వస్తుంది, మత్తుమందు డాక్టరు వెతికేది ఆ గీతనే. ఆమె రీళ్ల నమూనాను తన సంచిలో పెట్టుకుని తీసుకెళ్లారు. ఇంకొకటి చేయాలి.

సెప్టెంబరు, రెండో వారం: పేగులు

బోటి తెచ్చినా ఉపయోగం లేదు, కొట్టులోనే విడదీసి, కడిగి, ముక్కలు చేస్తారు. మనకు కావలసింది పేగు కాదు, పేగు ఎలా వేలాడుతోందన్నది. ఆరు మీటర్ల చిన్నపేగు ఇంత పొట్టలో చిక్కుపడకుండా ఎలా ఉంటుంది? ఇదీ ప్రశ్న.

చీర కుచ్చిళ్లు పెట్టి చూపించాను. పాత నూలు చీర, దాదాపు అంతే పొడవు. ఒక అంచు పొడవునా రంగు రిబ్బను కుట్టించాను, అది పేగు. చీర గుడ్డ, మెసెంటరీ అనే పొర. రెండో అంచును కుచ్చిళ్లుగా మడుస్తూ పోతే, ఆరు మీటర్లూ జానెడులోపు ఒక పట్టులోకి వచ్చేస్తాయి. నిజంగానే ఆ పొర మన వీపు గోడకు అతుక్కునే గీత పొడవు 15 సెంటీమీటర్లు. ఎడమ పైనుంచి కుడి కిందికి ఏటవాలుగా ఉంటుంది. కుచ్చిళ్లను ఆ గీతమీద చేత్తో బిగించి పట్టుకున్నాను. కింద రిబ్బను అలలు అలలుగా వేలాడుతోంది, ఎంత ఊపినా ముడి పడదు, అయినా స్వేచ్ఛగా కదులుతుంది. రక్తనాళాలు ఆ పట్టు దగ్గర మొదలై గుడ్డ గుండా రిబ్బను దాకా వెళతాయి. వాటిని ముందే ఎర్ర దారంతో కుట్టి పెట్టారు దర్జీ. ఆ కుట్టుపని చూసి నేను చెప్పాల్సిన వాక్యాలు సగం తగ్గించుకున్నాను. ప్రాణం ఉన్న మనిషిలో కండరం బిగువువల్ల పేగు ఆరు మీటర్లకన్నా పొట్టిగానే ఉంటుందని మాత్రం చెప్పాను.

ఉండుకం (అపెండిక్స్) చోటు చూపించడంతో పాఠం ముగిసింది. కుడి తుంటి ఎముక ముందు కొన నుంచి బొడ్డుకు ఒక గీత, దానిలో బయటి నుంచి మూడో వంతు. అందరూ పొట్టమీద వేలు పెట్టుకుని జానలు కొలుస్తుండగా గ్రంథాలయానికి పత్రిక చదవడానికి వచ్చిన ఒక పెద్దాయన "ఇక్కడ కోశారు నన్ను, 1978లో" అని చొక్కా ఎత్తి మచ్చ చూపించారు. చోటు సరిగ్గా సరిపోయింది.

సెప్టెంబరు, చివరి వారం: మోకాలికి సన్నాహం

తరువాతి పాఠం మోకాలు. పాయా తెస్తే చాలని పిల్లలు అంటున్నారు, చాలదు. పాయా అంటే కాలి కింది భాగం, అందులో మన మోకాలికి సమానమైన కీలు ఉండదు. అది తొడ ముక్కకూ కింది ముక్కకూ మధ్య ఉంటుంది, సరిగ్గా అక్కడే కత్తి దిగుతుంది. ఆ కీలును విడదీయకుండా, చిప్పతో సహా ఉంచమని కొట్టాయనను అడగాలి. ఈసారి ఊరికే రాదు, మాంసం ధరే. గ్రంథాలయం డబ్బా తెరిచి చూశాం, సరిపోయేలా ఉంది. లోపల అడ్డంగా పెనవేసుకున్న రెండు బంధనాలను తెంపకుండా కీలు తెరవడం ఎవరు చేయాలన్నదానిమీద ఓటింగు పెట్టాం, ఎనిమిదో తరగతి కుర్రవాడు ఏకగ్రీవంగా గెలిచాడు. సన్న బ్లేడు, చేతి తొడుగులు, టార్చికి కొత్త బ్యాటరీలు కొనాలి. అస్థిపంజరాన్ని ఆలోగా బడికి తిరిగి ఇవ్వాలి, ఆటో ఆయన మంగళవారం ఖాళీగా ఉన్నారు.